బేకరీ మూల దగ్గర తవ్వకం

మిట్టమధ్యాహ్నానికి తవ్వకం బేకరీ మూల దాకా వచ్చి ఆగింది. భూకంపంలో బేకరీ ఉన్న మేడ అంతస్తు మీద అంతస్తుగా కూలబడింది. కొత్త మంచినీళ్ల లైను ఆ శిథిలాల కిందుగా పోవాలి. కూలీలు అలవాటుగా పారలు కింద పెట్టారు. ముఠాలో అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ తవ్విన కాలవలోకి దిగి, బయటపడ్డ పాత ఇనప గొట్టం మీద సుత్తితో కొట్టి, దానికి చెవి ఆనించింది.

భూకంపమప్పుడు కింద చిక్కుకున్నవాళ్లు గొట్టాల మీద కొట్టేవాళ్లు, పైవాళ్లు బదులు కొట్టేవాళ్లు. నెలలు గడిచాయి. ఇప్పుడు బదులొస్తుందని ఎవరికీ ఆశ లేదు. అయినా తవ్వే మెషిన్ పెట్టేముందు ఒకసారి కొట్టి వినకపోతే ఆ ముఠాలో ఎవరికీ చేతులాడవు.

పెద్దక్క మొగుడు ఆ బేకరీలోనే పొయ్యి దగ్గర పనిచేసేవాడు. రెండు రోజులు బదులు కొట్టాడు. మూడోరోజు చూడ్డానికొచ్చే పెద్దల కార్లకి దారి చెయ్యాలని పక్కనే మెషిన్ పెట్టారు. ఆ రొద ఆగేసరికి కింద చప్పుడూ ఆగింది. శవం ఇంకా లోపలే ఉంది.

"ఇంకా ఎన్నాళ్లీ తంతు, పెద్దక్కా?" సూపర్‌వైజర్ గట్టు మీద నిలబడి అన్నాడు. "సాయంత్రానికి పైపు పడాలి."

"చేత్తో తవ్వుతాం బాబూ. ఓ రెండ్రోజులివ్వండి. ఆయన్ని మెషిన్ పళ్లకి అప్పగించలేను."

అతను ట్యాంకరు దగ్గర బిందెల వరస చూపించాడు. "మరి వాళ్లకేం చెప్పమంటావు? బతికున్నవాళ్లు గొంతెండి చస్తున్నారు!"

అది అబద్ధం కాదు. సూపర్‌వైజరుతో వచ్చిన చిక్కే అది, అతని మాటల్లో సగం ఎప్పుడూ నిజమే. ఆ వరసలో పెద్దక్క కోడలు కూడా ఉంది, చంకలో పసిబిడ్డతో. పెద్దక్క మళ్లీ వంగి గొట్టానికి చెవి ఆనించింది.

"లే ఇక. లేకపోతే రేపట్నుంచి పన్లోకి రానక్కర్లేదు," అని అతను మెషిన్ డ్రైవరుకి చెయ్యూపాడు.

మెషిన్ మొదలైంది. నేల అదిరింది. అందరూ ఒక్కసారిగా తలెత్తి చుట్టూ గోడల వంక చూశారు. ఆ భయం ఇంకా ఎవర్నీ వదల్లేదు. పెద్దక్క మాత్రం గొట్టం మీంచి చెవి తియ్యలేదు.

"ఏం, వినిపిస్తున్నాడా మీ ఆయన?" అన్నాడు సూపర్‌వైజర్.

"మీ మెషినే వినిపిస్తోంది. ఆ రోజూ అదే వినిపించింది."

కోడలు బిందె కింద పెట్టి వచ్చింది. "మామయ్యని నెమ్మదిగా బయటికి తియ్యనివ్వండి సార్. ఇన్నాళ్లు బిందెలు మోసినవాళ్లం, ఇంకో రెండ్రోజులు మొయ్యలేమా?" వరసలో ఒకావిడ సణిగింది. పక్కావిడ ఆమె మోచెయ్యి పట్టుకుని ఊరుకోమంది.

అంతలో రొద ఆగిపోయింది. డ్రైవరు కిందికి దిగాడు.

"ఏరా, ఎక్కడికి? ఎక్కు!"

"ఆ రోజు మీరు తోలమంటే తోలాను సార్," అన్నాడతను. "ఇవాళ తోలను."

తాళంచెవి జేబులో వేసుకుని, పార ఒకటి తీసుకుని కాలవలోకి దిగాడు. సూపర్‌వైజర్ ఫోన్ తీశాడు. పెద్దక్క డ్రైవరు మొహం వంక చూడలేదు. అతనికి చోటిస్తూ కాస్త పక్కకి జరిగింది.