ఎనుకకు రానియ్

సిద్దిరాములు నా గొంతును తిట్టినన్నిసార్లు నా వంటను కూడా తిట్టలేదు. మొగుడి పేరు ఇట్లా బాహాటంగా చెబుతున్నానని తెలిస్తే మా అత్త కొమురవ్వ నోటి మీద చేయి వేసుకుంటుంది. వేసుకోనీ. ఇన్నేళ్లూ "ఇగో" అనే పిలిచాను. మొదటి పిలుపుకే ఆయన పలికిన రోజు నాకు గుర్తు లేదు. ఆ పొద్దున కూడా అంతే. అన్నం దించి, ఆయన డబ్బా సర్దుతూ, మోటరు బంద్ చేయమని వంటింట్లోంచి కేకేశాను. తొట్టి నిండి నీళ్లు వాకిట్లోకి పోతున్నాయి. ఆయన మంచం మీద కూర్చుని సెల్లు చూస్తూ, "గొంతు తగ్గియ్యే. వాడకట్టు మొత్తం ఇనాల్నా?" అన్నాడు. మోటరు నేనే పోయి బంద్ చేశాను.

ఆ గొంతు లేవాల్సిన చోట మాత్రం లేవలేదు. మా బాపు పసుపు కుంకుమల కింద నాకు కొంత భూమి ఇచ్చాడు. మందికి బండ్లు తోలే సిద్దిరాములు, సొంత డీసీఎం లారీ కొంటానని దాన్ని అమ్మకానికి పెట్టాడు. "బండి మనదే గదనే, పరాయోళ్లదా?" అన్నాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో అక్కడి మనిషి "ఇష్టంతోనే అమ్ముతున్నవా అమ్మా?" అని నన్నడిగితే, నేను నోరు తెరిచేలోపే మా అత్త "ఇష్టమే సారూ" అంది. నేను సంతకం పెట్టాను. బండి వచ్చింది. కాగితాల మీద ఆయన పేరు, వెనుక తలుపుల మీద వాళ్ల అమ్మను తలచి పెద్ద అక్షరాలతో "అవ్వ దీవెన". నా పేరు ఎక్కడా లేదు. పైగా మిగిలిన అప్పు కిస్తులకు కిరాయిలు చాలడం లేదని నన్నే పనికి పంపారు.

మంచిర్యాలలో కిరాణా సరుకుల గోదాం అది. సబ్బులు, నూనె, చాయ్‌పత్త పెట్టెలు దించడం, వరసల్లో పేర్చడం నా పని. సూపర్‌వైజర్ పరశురాములు బువ్వ తిని కునుకు తీస్తే, ఏ సరుకు ఎక్కడ పెట్టాలో, ఏ షాపు బండి ముందు పోవాలో నేనే చెప్పేదాన్ని. ఇంట్లో ఎట్లాగో ఇక్కడా అట్లాగే, పని నాది, పేరు ఇంకొకరిది. పరశురాములు కరీంనగర్ గోదాంకు మారిపోగానే కొత్తవాణ్ణి వెతకడం మొదలైంది. ఆ వచ్చేవాడికి పని నేర్పేది కూడా నేనే కదా అని తట్టేసరికి ఒళ్లు మండింది. చేతులు తుడుచుకుని మేనేజర్ శ్యాంసుందర్ సారు గదిలోకి పోయాను.

"సార్, గా పని నేను చేస్తనే ఉన్న. పేరు గూడ నాకే ఇయ్యుండ్రి."

ఆయన నవ్వలేదు. అది మెచ్చుకోవాలి. "అంతా మంచిదే వినోదా. బండ్లను ప్లాట్‌ఫాంకు ఎనుకకు తీయించుడు ఎట్ల? డ్రైవర్లు నీ మాట ఇంటరా?"

"ఇనకుంటె సరుకు దిగదు సార్."

"ఒక్క వారం సూస్త. నీతోని ఏ బండన్న ఆగిపోయిందా, మళ్ల పెట్టెలు మోసుడే."

నారింజ రంగు జాకెట్టు ఒకటి ఇచ్చారు. ఇంటికి తెచ్చి చూపించాను. "మొగోళ్ల మీద ఒర్రే నౌకరి ఏం నౌకరే, సిగ్గు లేకుంట!" అంది అత్త. సిద్దిరాములు నాతో మాట్లాడలేదు, వాళ్ల అవ్వతో అన్నాడు: "ముందుగాల పప్పుల ఉప్పు సూస్కొమ్మనవ్వా గా సూపర్‌వైజర్‌ను."

బండిని వెనక్కి తీసే డ్రైవర్‌కు తన వెనుక ఏముందో కనబడదు. పక్కన అద్దంలో సైగ చేసే మనిషి కనబడతాడు, అంతే. ఆ మనిషి మాట ఇంజన్ చప్పుడును దాటి వినబడాలి. మొదటి బండికి నా నోట్లోంచి పిల్లికూతంత వచ్చింది. హమాలీల పెద్ద మొండయ్య, "చెల్లె, పొల్లగానికి జోల వాడుతున్నవా?" అన్నాడు. రెండో బండికి, మోటరు బంద్ చేయమని అరిచిన గొంతు తీశాను. డ్రైవర్ ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. ఇంట్లో ఎక్కువైందన్న గొంతు ఇక్కడ సరిగ్గా సరిపోయింది. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను.

వారం చివరి రోజు కరీంనగర్ నుంచి నూనె పెట్టెల బండి వచ్చింది. వెనుక తలుపుల మీద "అవ్వ దీవెన". నేను చేయెత్తాను. సిద్దిరాములు కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను దాటి చూశాడు.

"మొండన్నా, నువ్వు రాయే. ఆడిదాని సైగకు నేను బండి తియ్య."

చాయ్ తాగుతున్న డ్రైవర్లు గొల్లుమన్నారు. మొండయ్య మంచివాడే. "నేను జెప్త తీ చెల్లె. ఇంటి పంచాది ఈడెందుకు?" అని ప్లాట్‌ఫాం మీంచి కిందికి దూకబోయాడు. సారు అద్దాల గదిలోంచి చూస్తున్నాడు. మొండయ్య సైగ చేస్తే రేపటి నుంచి ప్రతి డ్రైవర్ మొండయ్యనే పిలుస్తాడు, ఈ జాకెట్టు కొక్కానికి తగిలించుకోవడానికే పనికొస్తుంది. నూనె దిగకపోతే ఈ పూటతోనే నా పేరు పోతుంది. ఇంటికి పోయాక ఏం జరుగుతుందో కూడా తెలుసు. అయినా నా నోట మాట స్పష్టంగానే వచ్చింది.

"వద్దన్నా. గా బండి పక్కకు వెట్టుమను. ఎనుక బండిని రానియ్."

వెనుక బండి వచ్చింది, దాని వెనుకది వచ్చింది. సిద్దిరాములు క్యాబిన్లోనే కూర్చున్నాడు. మధ్యాహ్నం నేను కట్టిన డబ్బా తెరిచి, నేను వండిన పప్పు కలుపుకుని తిన్నాడు. ఉప్పు సరిపోయినట్టుంది, ఏమీ అనలేదు. సరుకు దించుకుని పోతున్న డ్రైవర్ ఒకడు ఆయన పక్కన బండి ఆపి, "నేను ఇంటికాడ గూడ మాట ఇంట సిద్దన్నా. గందుకే నాది జల్ది ఖాళీ అయింది" అని పోయాడు.

సారు గడపలోకి వచ్చాడు. "వినోదా, నూనె ఇయ్యాలనే దిగాలె."

"దిగుతది సార్. ఫికర్ చెయ్యకుండ్రి."

ఎండ వాలుతుండగా ఇంజన్ చప్పుడైంది. ఆయన బండిని తిప్పి ప్లాట్‌ఫాం మూడో నంబరుకు సీదా చేసి ఆపాడు. ఈసారి తల బయటపెట్టలేదు. అద్దంలో రెండు కళ్లు, చిన్నవిగా, నా చేతి కోసం చూస్తున్నాయి. ఇరవై ఏళ్లలో ఆ కళ్లు నా చేతి కోసం ఎదురుచూడటం నేను ఎరగను, కంచం పెట్టేటప్పుడు తప్ప. "ఇగో" అంటే కుదరదు. ఆవరణలో ఇంకా నాలుగు బండ్లున్నాయి, ఏది కదలాలి?

"సిద్దిరాములు! మూడో నంబర్! రానియ్!"

చాయ్ దగ్గరి డ్రైవర్లు తలలు తిప్పి చూశారు. ఆ పేరు నా నోట రావడం అదే మొదటిసారి. నాలుక మీద ఏ పుండూ లేవలేదు.

"రానియ్... రానియ్... డ్రైవర్ సైడ్ కొట్టు... సీదా... రానియ్... బస్!"

బండి ప్లాట్‌ఫాంకు జానెడు దూరంలో ఆగింది. సారు లోపలికి వెళ్లిపోయాడు. మొండయ్య తలుపులు తెరవడానికి వస్తుంటే ఆగమని చేయి చూపించాను. ఇంజన్ బంద్ చేయమనడానికి బండిని చరిచే అలవాటు ఇక్కడ సూపర్‌వైజర్లది. "అవ్వ దీవెన" మీద అరచేత్తో గట్టిగా ఒక్కటి చరిచాను. ఇంజన్ ఆగింది. చేతి కింద రేకు వెచ్చగా ఉంది. నా మాట మీద కదిలి, నా మాట మీద వెనక్కి వచ్చి, నా ముందు ఆగి ఉంది అది. ఒక్క సంతకంతో పోయి ఈ బండి అయిన నా భూమి, లక్షెట్టిపేటలో కాలువ కింద, ఇరవై రెండు గుంటలు.