శేషం గురువుగారిది

ఉదయం తొమ్మిదింటికి ఆ ఇంట్లో అమ్మ మాయమైపోతుంది. వంటింటి మేకుకు యాప్రాన్ తగిలించి, కళ్ళజోడు పెట్టుకుని, గిన్నె మూత మీద గరిటెతో మూడుసార్లు కొట్టిందంటే ఇక ఆవిడ టీచరు. పన్నెండున్నరకు మూత మళ్ళీ మోగేదాకా ఆవిణ్ణి అమ్మా అనీ, అమ్మాయ్ అనీ, ఇదిగో అనీ ఎవరూ పిలవకూడదు. బడి వంటింటి పక్కగదిలో. ఒక బల్ల, ఒక నల్లబల్ల, గోడకు శిలువ, దాని పక్కన దేశాల పటం. విద్యార్థి పదేళ్ళవాడు, ఒక్కడే. వాడి అసలు పేరు చర్చి రిజిస్టరులో భద్రంగా ఉంది. ఇంట్లో మాత్రం పిడుగు.

టీచరు వేరు, అమ్మ వేరు అన్న ఆ రూలును పిడుగు మొదటి వారమే పట్టేశాడు. గోడకుర్చీ వేయమంటే మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి పోయి అక్కణ్ణుంచి గొంతెత్తేవాడు.

"అమ్మా! మా టీచరు నన్ను ఊరికే ఏడిపిస్తోందే! నువ్వొచ్చి అడగవే!"

కళ్ళజోడు తీసి వెళ్ళాలో, పెట్టుకునే వెళ్ళాలో తెలియక ఆవిడ గుమ్మంలో నిలబడిపోయేది. ముందుగదిలో అద్దాలు కోసుకునే వాడి తండ్రి గుడ్డ నోట్లో కుక్కుకుని నవ్వేవాడు.

ఆ బడిలో మూల కుర్చీలో తాత కూర్చునేవాడు. టీచరు పొయ్యి మీద కూర చూసుకోవడానికి వెళ్ళినప్పుడు పిడుగు కిటికీ దూకకుండా కాపలా కాయడం ఆయన ఉద్యోగం. మాటలు తక్కువ మనిషి. చేతిలో పేపరు, పెదవుల మీద తాళం.

తాత నలభై ఏళ్ళు ఇళ్ళకు టైల్స్ పరిచాడు. "ఎన్ని పడతాయి మేస్త్రీ?" అంటే, టైల్ వెడల్పుకొక గుర్తు గీసిన కర్రతో గది చుట్టూ ఒకసారి తిరిగి అంకె చెప్పేవాడు. ఒక్కటి తేడా వచ్చేది కాదు. లెక్కల్లో దిట్ట అన్నారు అందరూ. ఆయన అవుననలేదు, కాదనలేదు. అసలు సంగతేమిటంటే, ఆయన బడి మూడో తరగతితో ఆగిపోయింది. సరిగ్గా భాగహారం మొదలుపెట్టే వారం ఆగిపోయింది. కూడికలు వచ్చు, తీసివేతలు వచ్చు, ఎక్కాలు వచ్చు. భాగహారం దగ్గర మాత్రం కర్ర మీద గుర్తులే దిక్కు. ఇది కొడుక్కూ తెలియదు, కోడలికీ తెలియదు.

ఒకరోజు టీచరు నల్లబల్ల మీద భాగహారం మొదలుపెట్టింది. తాత చేతిలో పేపరు తనంతట తనే కిందికి దిగింది. ఎన్నిసార్లు పోతుందో చూడు, రాయి, తీసెయ్, పక్క అంకె దించుకో. తాతకు సగం అర్థమైంది. మిగతా సగం వచ్చేలోపే పిడుగు చెయ్యెత్తాడు.

"వచ్చేసింది టీచర్!"

"అప్పుడే?"

రెండు లెక్కలు గీకి చూపించాడు. రెండూ ఒప్పే.

"శభాష్! అయితే రేపటి నుంచి భిన్నాలు."

అరవై ఏళ్ళకు గుమ్మం దాకా వచ్చిన చదువు మొహం మీదే తలుపు వేసి పోయినట్టయింది తాతకు.

ఆ మధ్యాహ్నం మంచం పక్కన గచ్చు మీద సుద్దముక్కతో ఆయన కుస్తీ పడుతుంటే పిడుగు వచ్చి నెత్తి మీద నిలబడ్డాడు.

"అదేంటి తాతా?"

"ఏం లేదు. పో."

"భాగహారం! పక్క అంకె దించుకోలేదు నువ్వు. తాతా... నీకు రాదా?"

తాత చెప్పుతో గచ్చు తుడిచేశాడు. "ఎవరికన్నా చెప్పావో..."

"ఒట్టు, చెప్పను. నేర్పిస్తా. మరి నా ఫీజు?"

వాడి చూపు మంచం కింద బిస్కెట్ల డబ్బా మీద ఉంది. గుండీలంతేసి చిన్న బిస్కెట్లు. కోడలు తాతకోసమని కొని పెడుతుంది, పిడుగుకు రోజుకు రెండే.

"బిస్కెట్లతోనే లెక్క చేద్దాం. నువ్వు పలక మీద చెయ్యి, తర్వాత కుప్పలు పెట్టి సరిచూద్దాం. సమానంగా పంచగా మిగిలినవి గురువుగారివి. ఎన్ని మిగుల్తాయిలే, ఒకటో రెండో!"

తాత ఒప్పుకున్నాడు.

మర్నాడు టీచరు భిన్నాలు అనగానే పిడుగు బుర్ర గోక్కున్నాడు. "భాగహారం మర్చిపోయాను టీచర్. మళ్ళీ మొదట్నుంచి చెప్పరా?"

"నిన్న వచ్చింది ఇవాళ ఎక్కడికి పోయిందిరా!"

ఆవిడ మళ్ళీ చెప్పింది. ఆ మర్నాడు మళ్ళీ. పొద్దున ఆవిడ చెప్పింది మధ్యాహ్నం మంచం మీద బిస్కెట్లయ్యేది. మూడు వారాలు అలా గడిచాయి. ఆవిడ గొంతు పోయింది. తాతకు మాత్రం ఒక్కో మెట్టూ అందుతోంది.

ఆ ఇంట్లో బుధవారం సాయంత్రం తాత మంచం దగ్గర చేసే ప్రార్థనకు ఒక పద్ధతి ఉంది. తలా ఒక మనవి చీటీ రాసి, పేరు పెట్టకుండా సీసాలో వేస్తారు. ఎవరి చేతికి వచ్చిన చీటీ కోసం వాళ్ళు ప్రార్థించాలి. ఇది ఎవరిదని అడగకూడదు. తాత ప్రతి వారం 'అందరూ బాగుండాలి' అని రాసేవాడు. ఆ వారం ఏమనిపించిందో, పిడుగు నోటుబుక్కులోంచి కాగితం చింపి, పెన్సిలుతో గుండ్రంగా, పెద్దపెద్ద అక్షరాలతో రాశాడు: 'నాకు భాగహారం రావాలి ప్రభువా.'

అది కోడలి చేతికి వచ్చింది. గీతల కాగితం, పెన్సిలు, మూడో తరగతి దస్తూరీ. ఆవిడ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. పిడుగు తల నిమిరి, వాడి భాగహారం కోసం ప్రార్థన చేసింది. కళ్ళు మూసుకున్న తాత చెవులు ఎర్రబడ్డాయి. పిడుగు ఒక కన్ను తెరిచి తాత వైపు చూసి మళ్ళీ మూసుకున్నాడు.

ఆవిడ అక్కడితో ఊరుకుందా? పాస్టరుగారికి చెప్పింది. ఆదివారం ఆయన వేదిక మీదినుంచే పిలుపిచ్చాడు. "మన సంఘంలో ఒక చిన్నబిడ్డ భాగహారంతో పోరాడుతున్నాడు. లేచి నిలబడదాం." రెండొందల మంది లేచి పిడుగు భాగహారం కోసం ప్రార్థించారు. బయటికొచ్చాక ఒకావిడ బుగ్గ గిల్లింది. ఇంకొకావిడ బాదంపప్పు నానబెట్టి పెట్టమంది. రిటైరైన లెక్కల టీచరమ్మ వాణ్ణి ఎగాదిగా చూసి, "ఇంట్లో చదువు ఇలాగే ఏడుస్తుంది" అని తీర్పు చెప్పి వెళ్ళిపోయింది.

పిడుగు మొహం కందగడ్డ అయింది. అయినా నోరు విప్పలేదు.

"చెప్పెయ్యరా," అన్నాడు తాత దారిలో, ఎవరికీ వినబడకుండా.

"ఒట్టేశాను కదా. పైగా నీకు పెద్ద అంకెలు ఇంకా రాలేదు. ఇంకో వారం ఓర్చుకో."

శనివారం పరీక్ష పెట్టింది టీచరు. పది భాగహారాలు. పిడుగు తొమ్మిది తప్పు చేశాడు. వెంటనే తండ్రికి కబురు వెళ్ళింది, టీచరుగారు రమ్మంటున్నారని. ఆయన ఒళ్ళంతా గాజుపొడితో వచ్చి బల్ల ముందు చేతులు కట్టుకు కూర్చున్నాడు.

"పిల్లవాడి తల్లిగారు రాలేదా?" అని అలవాటు కొద్దీ అడిగేసింది ఆవిడ.

"ఆవిడొస్తే మీరుండరు కదండీ."

ఎప్పుడూ నవ్వే మాటే. ఆవిడ నవ్వలేదు. సొరుగులోంచి పక్కవీధి స్కూలు దరఖాస్తు తీసి బల్ల మీద పెట్టింది.

"సోమవారం నుంచి అక్కడికి పంపించండి. నా వల్ల కాలేదు. వాడి తప్పు కాదు, నాకే చెప్పడం చేతకావట్లేదు."

కళ్ళజోడు లోపల తడి కనబడింది. పిడుగు తన కాళ్ళ వైపు చూస్తున్నాడు. తాత తన చేతుల వైపు చూసుకున్నాడు. నలభై ఏళ్ళ పరువు ఒకవైపు, వీడు ఒకవైపు. కుర్చీ కిర్రుమంది. తాత లేచి నిలబడి, చిన్నపిల్లాడిలా చెయ్యెత్తాడు.

"టీచర్."

ఆ గదిలో ఆయన ఆ మాట అనడం అదే మొదలు.

"ఆ చీటీ నాది. భాగహారం రానిది నాకు."

"మనవణ్ణి వెనకేసుకు రాకండి మామయ్యా," అంది ఆవిడ టీచరునన్న సంగతి మరిచిపోయి. "మీకు లెక్కలు రాకపోవడమేంటి?"

తాత సుద్దముక్క తీసుకుని నల్లబల్ల దగ్గరికి నడిచాడు. పిడుగు తనచేత చేయించిన లెక్కలు ఒక్కొక్కటీ వేసి చూపించాడు. ముప్పై నాలుగు బిస్కెట్లు, ఏడుగురికి: తలా నాలుగు, శేషం ఆరు. నలభై ఏడు, ఎనిమిది మందికి: తలా అయిదు, శేషం ఏడు. అరవై రెండు, తొమ్మిది మందికి: తలా ఆరు, శేషం ఎనిమిది. తడుముకోకుండా గబగబా వేసుకుపోయి, నాలుగోది మొదలుపెట్టబోయి ఆగాడు. వెనక్కి జరిగి మూడు శేషాలూ చూశాడు.

"ఒరేయ్!"

పిడుగు కిటికీ దూరం కొలుచుకుంటున్నాడు.

"ఏడుగురికి పంచితే ఆరుకు మించి మిగలదు. ఎనిమిది మందికి పంచితే ఏడుకు మించి మిగలదు. రోజూ ఎంత మిగలొచ్చో అంతా మిగిల్చుకుని మింగావట్రా! ఒకటో రెండో అన్నావే!"

టీచరు నల్లబల్ల వంక చూసింది, పిడుగు వంక చూసింది. కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఇలా ఏరి ఏరి లెక్కలిచ్చినవాడికి భాగహారం రాదా!" అన్నాడు తండ్రి. ఈసారి నోట్లో గుడ్డ లేదు. నవ్వు వీధిలోకి వినబడింది.

ఆవిడ దరఖాస్తును నాలుగు ముక్కలు చేసింది. ఆ తర్వాత గరిటె ఎత్తింది.

"ఇద్దరూ గోడకుర్చీ!"

"టీచర్, నా మోకాళ్ళు..." అన్నాడు తాత.

"మీరు నిలబడితే చాలు. సోమవారం నుంచి కాపలా ఉద్యోగం రద్దు. బల్ల దగ్గర కూర్చోండి. పలక తెచ్చుకోండి."

తాత గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ మొహంలో శిక్ష పడ్డ గుర్తే లేదు. పిడుగు అప్పటికే వంటింట్లో ఉన్నాడు.

"అమ్మా! మా టీచరు ముసలాళ్ళని కూడా నిలబెట్టేస్తోందే!"

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ కోడలు మోచేత్తో పొడిస్తే తాత లేచాడు. "భాగహారం రానిది పిల్లాడికి కాదు, నాకు. ఇప్పుడు వచ్చింది," అని కూర్చున్నాడు. ఆ సంఘంలో అంత చిన్న సాక్ష్యం అంతకుముందు ఎవరూ చెప్పలేదు. లెక్కల టీచరమ్మ పాటల పుస్తకంలో మొహం దాచుకుంది.

మళ్ళీ బుధవారం వచ్చింది. సీసాలో తాత చెయ్యి పెట్టి ఒక చీటీ తీశాడు. 'నాకు భిన్నాలు రావాలి.' అక్షరాలు తనవి కావు, పిడుగువీ కావు. కాగితం వేళ్ళకు గరగరలాడింది. దీపం వైపు తిప్పితే దాని మీద గాజుపొడి మెరిసింది.

ఎవరిదని అడగకూడదు. తాత అడగలేదు. కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు.

అందరూ కళ్ళు మూసుకున్నారు, పిడుగు తప్ప. వాడు తండ్రి ఎర్రటి చెవుల వైపు తీరిగ్గా చూసి, కాలు చాపి, మంచం కింద ఉన్న బిస్కెట్ల డబ్బాను మెల్లగా తన వైపు లాక్కున్నాడు.