నూట నలభై అడుగుల బెలూన్

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత కిసిమీ ఊళ్లో ఎవరికీ తెలియదు గానీ, దాని మీదే బతికేవాళ్లు మాత్రం అక్కడ వేలమంది ఉన్నారు. అక్కడి పెద్ద వినోదాల పార్కువాళ్లు ఖాళీ స్థలంలో నాలుగు కర్రలు పాతితే చాలు. అక్కడ వెలిసేది ఏ కథలోని లోకమో, అందులో కోట ఎటువైపు ఉంటుందో, ఆ కోటలో అమ్మే షర్బత్ ఏ రంగో కూడా తేల్చేస్తారు. వాళ్లందరిలోకీ మొండిది ఓపల్ టిల్‌మన్.

ఓపల్‌కి అరవై మూడేళ్లు. కరెంటు తీగల మీదికి వాలే పైన్ చెట్లు కొట్టే ముఠాలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైంది. ఏ చెట్టు ఎటు పడితే ఏ తీగ తెగుతుందో ముందే చెప్పాలి కదా, అందుకని మూరెడు కర్ర చెయ్యి చాచి పట్టుకుని ఎత్తు కొలవడం ఆమెకు బాగా అబ్బింది. మధ్యాహ్నం తిండి వేళ ట్రక్కులో కూర్చుని ‘తొమ్మిది రేవులు’ చదివేది. తొమ్మిది పుస్తకాల ఆ కథలో ఆమెకు నచ్చింది రాజులూ కాదు, సముద్రపు భూతాలూ కాదు. చివరి రేవులో నూట నలభై అడుగుల దీపస్తంభాన్ని కాసే ముసలామె. ఓడ వస్తుందని ఆమె అంటే రేవు రేవంతా నవ్వేది. ఆమె మాత్రం దీపం ఆర్పేది కాదు.

‘తొమ్మిది రేవులు’ పార్కులో వెలుస్తుందని ఓపల్ పంతొమ్మిదేళ్లుగా చెబుతూనే ఉంది. ప్రతి శనివారం పొద్దున్నే పార్కు ఎదుటి కార్ల గ్యారేజీ పై అంతస్తుకెక్కి, గోడ అవతల ఏం తవ్వుతున్నారో చూసి, అభిమానుల ఫోరమ్‌లో ‘గ్యారేజీ పైనుంచి’ అనే తన పేజీలో రాసేది. ఆమెకు రెండే నియమాలు. లోపల పనిచేసేవాళ్లను ఆరా తీయకూడదు. రాసింది తప్పని తేలినా చెరపకూడదు.

ఆ రెండో నియమమే కొంప ముంచింది. 2009లో కౌంటీ ఆఫీసులో ఒక పర్మిట్ ఆమె కంటపడింది. రాతి గోడలు, చిన్న బురుజు, నేలలోకి పద్నాలుగు గొట్టాలు అని ఉంది అందులో. ఇంకేముంది, కథలోని రేవు కోట వచ్చేస్తోందని రాసిపారేసింది. ఆ గొట్టాలు కోట చుట్టూ అలలు లేపడానికని విడమరిచి మరీ చెప్పింది. ఎనిమిది నెలలకు అడ్డుగోడ తీస్తే అవి మరుగుదొడ్లు. ఇంకొకరైతే ఆ రాతను గుట్టుచప్పుడు కాకుండా మాయం చేసేవారు. ఓపల్ మాత్రం అవి తెరిచిన రోజున లైన్లో అందరికంటే ముందు నిలబడి, లోపలికెళ్లి, పని కానిచ్చుకుని వచ్చి, తలుపు ముందు ఫొటో దిగి, దాన్ని ఆ రాత కిందే పెట్టింది. అప్పటినుంచి ఆమె ‘మరుగుదొడ్ల ఓపల్’ అయింది.

ఈ మార్చిలో ఒక శనివారం పార్కు గోడ వెనకనుంచి ఎర్ర బెలూన్ లేచింది. పెద్ద కట్టడం ఏదైనా కట్టే ముందు, అది ఎంత దూరం కనబడుతుందో చూసుకోవడానికి పార్కువాళ్లు తాడు కట్టి అంత ఎత్తుకు బెలూన్ ఎగరేస్తారు. ఓపల్ కర్ర తీసింది. ఆమె పక్కన స్నేహితురాలు మారిసోల్ మాంసం కూరిన కజ్జికాయల్లాంటి వేడివేడి పస్తెలీయోల పొట్లం విప్పుతోంది. మారిసోల్ పార్కు హోటల్లో దుప్పట్లు మార్చే పనిలో పదేళ్లనుంచి ఉంది.

"నూట నలభై!" అని అరిచింది ఓపల్. "సరిగ్గా నూట నలభై! దీపస్తంభమే మారిసోల్, ఇంక తిరుగు లేదు."

"నా ఫోన్లో నూట తొంభై తొమ్మిది చూపిస్తోంది మిస్ ఓపల్," అన్నాడు వెనకనుంచి బ్రైస్ కెండల్. రెండు లక్షలమంది చూసే వీడియోలు అతనివి. "రోబోల సినిమా రైడ్ అది. పైనుంచి కింద పడేస్తారే, అది. కర్రపుల్లతో కొలిచే కాలమా ఇది?"

"పుల్లే నాయనా. దీనికి చార్జింగ్ అక్కర్లేదు."

"మళ్లీ మరుగుదొడ్లు కడతారేమో చూసుకోండి!"

వీడియో తీస్తూనే అన్నాడు ఆ మాట. అతని వెనక నలుగురు నవ్వారు. ఓపల్‌కి ఒళ్లు మండింది. నేరుగా ఫోన్ దగ్గరికెళ్లి మొహం పెట్టి, "ఇది దీపస్తంభం కాకపోతే ఇక జన్మలో ఈ ఫోరమ్‌లో ఒక్క ముక్క రాయను. నా పేజీకి తాళం వేసేస్తా," అంది.

"ఓపల్, అంత మాట ఎందుకే?" అని మారిసోల్ మోచెయ్యి పట్టుకుని లాగింది. రెండు లక్షలమంది చూసే వీడియోలోకి ఎక్కిన మాట అది. ఇక వెనక్కి రాదు. వెనక్కి తీసుకోవాలని ఓపల్‌కీ లేదు.

ఆగస్టులో పార్కువాళ్లు ప్రకటించారు. ఆ స్థలంలో హోటల్. దాని లిఫ్టు గోపురం ఎత్తు నూట నలభై అడుగులు.

ఎత్తు సరిపోయింది. ఆ సంగతి పట్టించుకున్న నాథుడు లేడు. బ్రైస్ మాత్రం చెక్కుచెదరలేదు. జనవరిలో హోటల్ అన్నాడు, మార్చిలో రోబోలన్నాడు, మేలో మంచుకొండ అన్నాడు. ఇప్పుడు మొదటిది ఉంచి మిగతావి చెరిపేసి, ‘నేను ముందే చెప్పాను’ అని వీడియో పెట్టాడు. ఆ మాటకు పదివేలమంది చప్పట్లు. అన్నీ చెప్పినవాడికి ఏదో ఒకటి నిజం కాక చస్తుందా?

ఆ సాయంత్రం మారిసోల్ ఓపల్ వంటింట్లో కూర్చుని కప్పు తిప్పుతోంది.

"హోటలని నాకు ఫిబ్రవరిలోనే తెలుసు," అంది చివరికి. "ఎన్ని దుప్పట్లు కావాలో మాచేత లెక్క వేయించారు. నువ్వు ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని. ఆ రోజు నీ నోరు మూయబోయాను కూడా."

"నేను అడిగుంటే నీ ఉద్యోగం ఉండేదా?"

"ఉండేది కాదేమో."

"మరింకేం. పస్తెలీయోలు ఇటు తే."

అలా అంది గానీ, మారిసోల్ వెళ్లాక పేజీ తెరిచి కూర్చుంటే కన్నీళ్లు ఆగలేదు. పంతొమ్మిదేళ్లు. ఎండలో వానలో, రెండు తుపానుల మధ్య కూడా ఎక్కిన గ్యారేజీ. ‘నేను చెప్పింది తప్పు. ఎత్తు ఒప్పు. అన్నమాట ప్రకారం ఇక రాయను,’ అని పెట్టి తాళం వేసింది. పాత రాతల్లో ఒక్కటీ చెరపలేదు. మరుగుదొడ్ల ఫొటో కూడా అలాగే ఉంది. ఆ రాతలన్నీ చెరిపేయమని బ్రైస్ మనుషులు వారం రోజులు గోల చేశారు. తాళం వేస్తానన్నాను గానీ చెరుపుతానన్నానా అని ఆమె బదులైనా ఇవ్వలేదు. ఇవ్వాలంటే రాయాలి కదా.

శనివారాలు మాత్రం మానలేదు. చూడనని ఒట్టు పెట్టలేదు మరి.

అక్టోబరులో, పార్కుకు తూర్పున చెరువును ఒక పక్క పూడ్చిన స్థలంలోంచి ఇంకో బెలూన్ లేచింది. ఈసారి పసుపుపచ్చది. ఓపల్ పక్కన మారిసోల్ పస్తెలీయోల పొట్లంతో నిలబడి ఉంది. ఓపల్ కర్ర ఎత్తి చూసి, దించి, మళ్లీ ఎత్తింది. అప్పుడే బ్రైస్ ఒక్కడూ మెట్లెక్కి వచ్చాడు. గోడ దగ్గర ఫోన్‌ని అటూ ఇటూ తిప్పాడు. మొహం చిన్నబోయింది.

"మిస్ ఓపల్," అన్నాడు గొంతు తగ్గించి. "నా ఫోన్ ఒకసారి తొంభై అంటోంది, ఒకసారి రెండొందల పది అంటోంది. మార్చిలో కూడా మీ లెక్కే కరెక్టయింది. ఎంత అది?"

"తెలుసు."

"చెప్పరా?"

"రాయనన్నాను. చెప్పననలేదు." ఓపల్ కర్ర జేబులో పెట్టుకుంది. "చెబుతా. నీ పేరుతో నువ్వే రాయాలి. రాసింది ఏనాడూ చెరపకూడదు. తప్పని తేలినా, ఊరంతా నవ్వినా, అలాగే ఉంచాలి. ఒప్పుకుంటావా?"

బ్రైస్ నసిగాడు. "అలాంటివి మా చానల్‌కి..."

"అయితే ఫోన్‌నే అడుక్కో."

మారిసోల్ కిసుక్కున నవ్వింది. బ్రైస్ బెలూన్ వైపు చూశాడు. అది నెమ్మదిగా కిందికి దిగుతోంది. ఇంకో నిమిషమైతే కొలవడానికి ఏమీ మిగలదు.

"సరే. ఒప్పుకున్నా. చెప్పండి."

"నూట నలభై."

"మళ్లీ నూట నలభయ్యేనా? ఏంటంటారు అది?"

"దీపస్తంభం."

"అయ్యో, కాదని తేలిపోయిందిగా మిస్ ఓపల్!"

"అక్కడ కాదని తేలింది," అంది ఓపల్. తూర్పువైపు వేలు చూపించి, "ఇక్కడ కాదని ఎవడు తేల్చాడు? చెరువు పక్కన దీపస్తంభం కాక పుల్లల పొయ్యి కడతారా?"

పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో ఏం వాదిస్తాం? బ్రైస్ తల పట్టుకున్నాడు. "నా పరువు పోతుంది. నవ్వుతారు."

"నవ్వుతారు. నన్ను చూసి పదహారేళ్లుగా నవ్వుతున్నారు. ఎక్కడైనా అరిగిపోయానా? రాయి."

అతను రాశాడు. ‘తూర్పు స్థలం. నూట నలభై అడుగులు. తొమ్మిది రేవుల దీపస్తంభం. కొలిచింది ఓపల్ టిల్‌మన్. ఇది చెరపను.’ వేలు గాలిలో చాలాసేపు ఆగింది. ఓపల్ ఆ వేలునే చూస్తూ నిలబడింది. చివరికి నొక్కాడు.

పది సెకన్లు కూడా కాలేదు, మొదటి జవాబు వచ్చింది. బ్రైస్ చదివి తెల్లబోయాడు.

"ఏమన్నారు?" అని అడిగింది మారిసోల్.

"మళ్లీ మరుగుదొడ్లేనా అంటున్నారు."

ఓపల్ పొట్లంలోంచి ఒక పస్తెలీయో తీసి అతని చేతిలో పెట్టింది.

"అయితే అయినయ్," అంది. "తెరిచిన రోజున పొద్దున్నే వచ్చెయ్. లైన్లో నేను ముందు, నువ్వు నా వెనక."