మోచేతిపై గాజులు

గేటు బయటే నిలబడి, లోపలికి రావచ్చునా అని చేతితో అడిగిన ఆ మనిషిని నేను అంతకుముందెన్నడూ చూడలేదు. నలభై దాటిన వయసు. చంకలో గుడ్డసంచీ.

“నర్సింగరావు సారంటే మీరేనా? జనగామ కాలేజీల ఇంగ్లీషు చెప్పిన సారు?”

అవునన్నాను.

“నా పేరు అమర్‌సింగ్. మానుకోట దిక్కు తండా మాది. మా సుభాష్ యాదికున్నడా సార్?”

మహబూబాబాద్‌ను అక్కడివారు మానుకోట అనే అంటారు. సుభాష్ నాకు బాగా జ్ఞాపకం. నేను పాఠం చెబుతుంటే మూడో బెంచీలో కూర్చుని ఒక్క వాక్యమూ వదలకుండా రాసుకునేవాడు. ఇప్పుడు భూపాలపల్లిలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఇంగ్లీషు అధ్యాపకుడు. ఏటా ఉపాధ్యాయ దినోత్సవం నాడు ఫోన్ చేస్తాడు.

“మీరు అతని తండ్రిగారా?”

“చిన్నబాపును సార్. వాళ్లమ్మ మోతీని నేను చేసుకున్న.”

కుర్చీ చూపించాను. అంచున కూర్చుని చెప్పుకొచ్చాడు. అన్న వాల్యా బావి దగ్గర మోటారు షాక్ కొట్టి చనిపోయేనాటికి సుభాష్‌కు ఏడేళ్లు. భర్త పోయిన స్త్రీని అతని తమ్ముడికిచ్చి చేయడం వారి తండాలో పాత ఆచారం.

“నాకప్పుడు పందొమ్మిదేండ్లు. పిల్లగాడు ఆగమైతడు, నువ్వు చేసుకోరా అని పెద్దమనుషులు కూసోబెట్టి చెప్పిన్రు. ఏడాదిదాంక మోతీ నన్ను పేరు పెట్టే పిలిసింది సార్, మరిదిని పిలిసినట్టే. వాన్ని సదివిచ్చినం. డిగ్రీల ఉండంగ ఒకనాడు ఇంటికచ్చి, మా బాపును కరెంటుకు నువ్వే తోసినవా అన్నడు నన్ను. వాళ్లమ్మ దిక్కు మర్లి, ఒక రాణి గిట్లనే మరిదిని చేసుకుందట, గసొంటిదాన్ని ఏమంటరో మా సారు చెప్పిండు అన్నడు. గంతే, పోయిండు. పదకొండేండ్లాయె.”

ఆ పాఠం నాదే. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఆ ఇంగ్లీషు విషాద నాటకాన్ని బోధించాను. అందులో అన్నను చంపి రాజైన తమ్ముడిని రాణి పెళ్లాడుతుంది. రాకుమారుడు తల్లి అంతఃపురానికి వెళ్లి, చనిపోయిన తండ్రి చిత్రాన్నీ పినతండ్రి చిత్రాన్నీ పక్కపక్కన చూపి ఆమె గుండె చీల్చే ఘట్టం చెప్పేరోజున ఇతర తరగతుల విద్యార్థులు కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడేవారు. నేను ప్రతిసారీ రాకుమారుడి పక్షమే. రాణి మాట వచ్చినప్పుడు కాస్త ఆగి, “ఇటువంటి స్త్రీని మన ఊళ్లలో ఏమంటారో నేను చెప్పనక్కరలేదు” అనేవాడిని. తరగతి గొల్లుమనేది. నవ్వనివాళ్లు ఎవరో నేను ఏనాడూ చూడలేదు.

“వాడు పోయిన్నాడే మోతీ మోచేతిపై గాజులు తీసేసింది,” అన్నాడు అమర్‌సింగ్. “మొగడు సచ్చినోళ్లు తీస్తరు సార్ అవి. నేను బతికే ఉన్న. కొడుకు తొడుక్కోమంటేనే తొడుక్కుంట అన్నది. ఇప్పుడు రెండు కిడ్నీలు పోయినయ్. దవాఖానోళ్లు ఇంటికి తీస్కపొమ్మన్నరు. నేను ఫోన్ చేస్తే వాడు కట్ చేస్తడు. మీ మాటైతే వింటడు.”

ఆ పూటే ఇద్దరం బయలుదేరాం. హనుమకొండలో భూపాలపల్లి బస్సెక్కాక అతడు నా వైపు ఒరిగి, “సార్, ఏమనుకోకుండ్రి. మీరు అచ్చం రేడియోల వార్తలు చదివినట్టు మాట్లాడతరు. వానికి జర సక్కగ చెప్పుండ్రి. తప్పు అని ఒక్క మాట. రెండు అచ్చరాలే,” అన్నాడు.

“నాకు చెప్పడం తెలుసు,” అన్నాను.

కళాశాల ఎదుట టీకొట్టు దగ్గర అతడు ఆగిపోయాడు. లోపల అధ్యాపకుల గదిలో సుభాష్ నన్ను చూసి పరుగున వచ్చి పాదాలకు నమస్కరించాడు. తల్లి సంగతి చెప్పాను. తల వంచుకుని విన్నాడు. తరువాత సొరుగులోంచి అట్ట వేసిన నోటుపుస్తకం తీసి నా ముందుంచాడు.

“మీ నోట్సే సార్. మా పిల్లలకు నాటకం గురించి చెప్పాల్సొస్తే ఇందులదే చెప్త.”

నా వాక్యాలు ఎర్రసిరా గీతలతో కనిపించాయి. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు గర్వమే కలిగింది.

“సుభాష్, ఆ ఘట్టానికి నేనిచ్చిన వ్యాఖ్యానం పునఃపరిశీలించదగినది.”

అతడు చప్పున తలెత్తాడు. “అంటే, తప్పా సార్?”

ఆ ముఖంలో ఎంత ఆశ ఉన్నదో ఇప్పుడు తెలుస్తున్నది.

“తప్పని కాదు. ఏకపక్షమని అనవచ్చు.”

అతడు పుస్తకం మూసేశాడు. “మీరు తప్పు చెప్పరు సార్, నాకు తెలుసు. రేపు, ఎల్లుండి పరీక్షలున్నయి. మీరు ఇంత దూరం వచ్చిన్రు కాబట్టి, ఆదివారం పోయి చూసొస్త.”

టీకొట్టు దగ్గర అమర్‌సింగ్ లేచి నిలబడ్డాడు. “అన్నరా సార్, ఆ మాట?”

“అదే అర్థం వచ్చేలా చెప్పాను.”

“వానికి అర్థమైందా మరి?”

నేను బస్సు వస్తున్నదేమో చూస్తున్నట్లు రోడ్డు వైపు తిరిగాను.

అది గురువారం. శనివారం ఉదయం మోతీ చనిపోయింది.

నేను తండాకు చేరేసరికి సుభాష్ అప్పటికే వచ్చి వాకిట్లో, చెప్పులు కూడా విడవకుండా నిలబడి ఉన్నాడు. తల్లిని మంచంమీద పడుకోబెట్టారు. తలాపున గుడ్డమూటలో తెల్లగాజులు. ఒక ముసలామె వాటిని విప్పి అతని ముందు పెట్టింది.

“మీ యాడి నీ మీదనే పెట్టిపోయింది బిడ్డా. గాజులతోని పంపాల్నా, ఉత్తచేతుల పంపాల్నా? నువ్వే చెప్పు.”

యాడి అంటే వారి భాషలో అమ్మ. సుభాష్ నా వైపు చూశాడు, మూడో బెంచీలోంచి చూసినట్లే.

“తప్పు,” అన్నాను. “నేను చెప్పింది తప్పు, సుభాష్. మీ అమ్మ ఏ తప్పూ చేయలేదు.”

అంత గట్టిగా అన్నానని నాకు తెలియలేదు. ఆడవాళ్ల ఏడుపు ఒక్కసారి ఆగింది.

“గీ మాట మొన్న అనకపోతిరి సార్,” అన్నాడు సుభాష్.

అతడు మోకాళ్లమీద కూర్చుని ఒక్కొక్క గాజే ఎత్తి తల్లి చేతికి తొడిగాడు. పదకొండేళ్ల క్రితం మోచేతిపైన బిగువుగా నిలిచిన గాజులవి. ఆ చేయి ఇప్పుడు పుల్లలా చిక్కిపోయింది. పైకి ఎక్కించిన ప్రతి గాజూ జారి మణికట్టు దగ్గరికే వచ్చింది. మళ్లీ ఎక్కించాడు. మళ్లీ జారింది.

అమర్‌సింగ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. అన్నిటినీ కలిపి మోచేతిపైకి తోసి, తన తలగుడ్డ అంచు చింపాడు.

“కట్టుదాం. జర పట్టుకో బేటా, ఇడువకు,” అన్నాడు.

సుభాష్ రెండు చేతులతోనూ పట్టుకున్నాడు. ముడి వేయడం అయిపోయిన తరువాత కూడా వదలలేదు.