తెల్లగా కనబడిన నొప్పి

యశ్వంతనగర్ దగ్గర వేబ్రిడ్జిలో లోయిస్ క్లర్కుగా చేరి అప్పటికి మూడేళ్లు. చైనాకు పోయే ఇనుప ఖనిజం లారీలు పగలంతా బారులు తీరి ఉండేవి. ఒక్కో లారీ తూకం చూసి చీటీ రాసివ్వడం ఆమె పని. నడుము నొప్పి మొదలైనప్పుడు అందరూ కుర్చీదే తప్పన్నారు. భర్త రాజ్ కుమార్ మెత్తటి దిండు కొనిచ్చాడు. నొప్పి తగ్గలేదు.

పొద్దున్నే మరీ కష్టంగా ఉండేది. గోడ పట్టుకుని లేచి, గంటసేపు అటూ ఇటూ నడిస్తే గానీ ఒళ్లు సాగేది కాదు. ఆ గంటలో అత్త దీనమ్మే నీళ్లు పట్టి రొట్టెలు చేసేది. ఎనిమిదింటికి కోడలు చకచకా నడుస్తూ పనికి పోవడం చూసి ఆమెకు అనుమానం వచ్చింది. ఎక్స్‌రేలో ఏమీ లేదని తెలిశాక అది నమ్మకమైంది. కోడలితో ఏమీ అనలేదు గానీ, ఇంటిపని తప్పించుకోవడానికే నొప్పి అంటోందని చర్చిలో తోటి ఆడవాళ్లతో అంది. ఆ మాట తిరిగి తిరిగి లోయిస్ చెవిన పడింది. లోయిస్ ఏడవలేదు. ఇది నొప్పేనా, బద్ధకమా అని ఒక్కోసారి తనకే సందేహం కలిగేది.

రాజ్ కుమార్‌కు సెలవు దొరక్క, బళ్లారికి అత్తాకోడళ్లే బస్సెక్కారు. కీళ్ల జబ్బులు చూసే డాక్టరు సరోజినీదేవి నడుము ముట్టుకోకముందే ఒక మాట అడిగింది.

"పండుకుంటే తగ్గుతాదా, తిరిగితే తగ్గుతాదా?"

"తిరిగితేనే మేడం. పండుకుంటే బిగుసుకుపోతాది."

డాక్టరు ఆమె గోళ్లు చూసింది. వాటి మీద సూదితో పొడిచినట్టు సన్నటి గుంటలున్నాయి. మోచేతుల మీద ఎర్రటి మచ్చలు, పైన తెల్లటి పొట్టు. లారీల ఎర్రదుమ్ము పడక వచ్చాయనుకుని లోయిస్ రెండేళ్లుగా పొడుగు చేతుల రవికలే కుట్టించుకుంటోంది. అది సోరియాసిస్ అనీ, కొందరికి చర్మంతో ఆగక కీళ్లకూ వెన్నుకూ పాకుతుందనీ చెప్పి డాక్టరు ఎమ్మారై రాసిచ్చింది.

స్కానింగ్ సెంటర్‌లో తాళి, పిన్నులు, గాజులు తీసేయమన్నారు. దీనమ్మ వాటిని కొంగున ముడేసుకుంది. గొట్టంలాంటి మిషన్లో, సుత్తులతో కొట్టినట్టుండే మోతలో, అరగంట కదలకుండా పడుకోవడమే లోయిస్‌కు కష్టమైంది. బయటికొచ్చాక నిలబడలేక అత్త భుజం పట్టుకుంది. కోడలి ఒళ్లు కొయ్యలా బిగిసి ఉండడం దీనమ్మకు తెలిసింది. ఆమెను వరండాలో నాలుగు సార్లు నడిపించింది.

సాయంత్రం డాక్టరు ఫిల్మును లైటు ముందు పెట్టింది. వెన్ను తుంటిని కలిసే చోట రెండు పక్కలా, ఆ పైన రెండు పూసల మూలల్లో తెల్లటి మరకలు.

"ఎముక చెడితేనే ఎక్స్‌రేలో కనబడతాది. నీకు ఇంకా చెడలేదు. లోపల వాపు ఉండాది. ఆ వాపులో నీరు ఇట్ల తెల్లగా పడతాది."

బరువులు మోసేవాళ్లకూ కొంత తెలుపు కనబడవచ్చనీ, గోళ్లు, చర్మం, పొద్దుటి బిగువు అన్నీ కలిపి చూసే చెబుతున్నాననీ అంది. ముందు మాత్రలు, వ్యాయామం. చాలకపోతే ఇంజెక్షన్లు ఉన్నాయని ధైర్యం చెప్పింది.

దీనమ్మ దగ్గరికి పోయి ఆ తెలుపు మీద వేలు పెట్టింది.

"ఇంత నొప్పి పెట్టుకొని దినామూ లేస్తాంటివా నువ్వు?"

లోయిస్ తలూపింది.

"చర్చిలో నీ గురించి అన్యాయంగా మాట్లాడితినమ్మా. ఆడనే మళ్లా నిజం చెప్తా."

చర్చిలో అన్న మాట తనకు ముందే తెలుసని లోయిస్ నెమ్మదిగా అంది. బస్టాండు దగ్గర ఇద్దరూ బొరుగుల ఒగ్గాని, మిర్చి బజ్జీలు కడుపునిండా తిన్నారు.

ఆదివారం దీనమ్మ అన్న మాట నిలబెట్టుకుంది. మూడు వారాలకు పొద్దుటి గంట పావుగంటకు దిగింది. నొప్పి పూర్తిగా పోలేదు. వేబ్రిడ్జిలో గంటకోసారి లేచి, చీటీలు తానే లారీల దగ్గరికి పోయి ఇచ్చేలా లోయిస్ యజమానిని ఒప్పించుకుంది. పొద్దున్నే ఆమె చాప మీద వ్యాయామం చేస్తుంటే, తన మోకాళ్లకూ మంచిదేమోనని దీనమ్మ పక్కనే ఇంకో చాప వేసుకుంది. కాలు పైకి లేవక ఆమె నవ్వేది. ఆ నవ్వుకు లోయిస్ ఎన్నోసారి కాలెత్తిందో మరిచిపోయేది. ఇద్దరూ మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాళ్లు.