అన్నదమ్ముల మర్యాద

అక్టోబరు పదకొండో తేదీ, ఆదివారం. ఆవేళ తిన్నవి నిప్పుల్లో కాల్చిన చిలగడదుంపలు, వెన్న రాసిన మొక్కజొన్న కంకులు, చిన్నకొడుకు తెచ్చిన యాపిల్ బన్నులు. పెద్దాయనకు తేదీలు ఇలాగే గుర్తుంటాయి. సొంత పుట్టినరోజు అడిగితే తడుముకుంటాడు గానీ, ఫలానా రోజు ఏం తిన్నావని అడిగితే అందులో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో కూడా చెబుతాడు. "మీది జ్ఞాపకశక్తి కాదు, తిండిశక్తి" అని భార్య నవ్వేది.

ఏటా ఆకులు రాలే రోజుల్లో ఇంటిల్లిపాదీ ఊరవతల కొండవాలులో ఉన్న యాపిల్ తోటకు వెళ్ళడం ఆవిడ పెట్టిన అలవాటే. అక్కడ పళ్ళు ఎవరికి వారు కోసుకోవచ్చు. తోట చివర సెలయేటి పక్కన నిప్పు పెట్టుకోవడానికి రాళ్ళు పేర్చిన చోటు ఉంది. నిరుడు మార్చిలో ఆవిడ పోయింది. ఆ ఏడు తోట ఊసు ఎవరూ ఎత్తలేదు. ఈ ఏడు పెద్దమ్మాయి ఊరుకోలేదు. బడిలో లెక్కలు చెప్పే మనిషి, అందరికీ తనే ఫోన్లు చేసింది. "రాలేనివాళ్ళు కారణం కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపండి" అంది. ఏ కాగితమూ రాలేదు. పిల్లా పెద్దా కలిసి పద్నాలుగు మంది తేలారు.

శనివారం సాయంత్రం అందరూ పెద్దాయన ఇంట్లో దిగారు. చెప్పులు గుమ్మం దాటి వీధిలోకి వచ్చాయి. వంటింట్లో చిన్నకోడలు మామగారికి టీ ఇస్తూ గొంతు తగ్గించి ఒక మాట చెప్పింది.

"ఈసారికి వచ్చాం మామయ్యా. వచ్చే ఏడు సంగతి చెప్పలేను. ఇక్కడ రెండు రోజులు ఆయన పళ్ళ బిగువున ఉంటారు. ఇంటికి వెళ్ళాక వారం రోజులు ఎవరితోనూ మాట్లాడరు. పిల్లలు భయపడుతున్నారు."

పెద్దాయన టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని తల ఊపాడు. దేని గురించో అడగక్కర్లేదు. ఆ ఇంట్లో అన్నదమ్ముల మధ్య మర్యాద ముదిరి ఏడాదిన్నర దాటింది.

నిరుడు మార్చిలో ఒక రాత్రి పెద్దకొడుకు ఆస్పత్రి వరండాలోంచి తమ్ముడికి ఫోన్ చేశాడు. తమ్ముడిది పక్క పట్నంలో బేకరీ ఉద్యోగం, రాత్రి పని. "అమ్మని ఆస్పత్రిలో చేర్చాంరా. పర్లేదంటున్నారు. పొద్దున డ్యూటీ దిగి నిదానంగా రా. వచ్చేటప్పుడు పాలబన్ను తెమ్మంది" అన్నాడు. తమ్ముడు పొద్దున ఏడున్నరకు బన్నుల పొట్లం పట్టుకుని వచ్చాడు. అమ్మ తెల్లవారుజామున నాలుగింటికే పోయింది.

చిన్నవాడు అరవలేదు, తిట్టలేదు. ఆ పొద్దున అన్నతో అన్నది ఒక్క మాటే: "మీరు నాకు రాత్రే రమ్మని చెప్పాల్సింది." పుట్టి బుద్ధెరిగాక అన్నను 'నువ్వు' తప్ప మరొకటి అనని వాడు 'మీరు' అన్నాడు. అన్నకు చెంప చెళ్ళుమన్నట్టయింది. అతనూ పట్టుదలకు పోయి తమ్ముణ్ణి 'మీరు' అనడం మొదలుపెట్టాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో కూర గిన్నె జరపాలన్నా "దయచేసి" అన్న మాట వినపడేది. కొత్తగా చూసినవాళ్ళు ఎంత పద్ధతైన పిల్లలు అనుకునేవారు. పెద్దాయనకు మాత్రం ముద్ద దిగేది కాదు.

దిగకపోవడానికి కారణం ఉంది. 'పొద్దున రమ్మను' అన్నది పెద్దకొడుకు సొంత మాట కాదు. పెద్దాయన చెప్పమన్న మాట. ఆ సంగతి పెద్దకొడుకు ఎవరి దగ్గరా బయటపెట్టలేదు. పెద్దాయన కూడా రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ నోరు కుట్టేసుకున్నాడు. నలభై ఏళ్ళు తలుపులూ కిటికీలూ చేసిన వడ్రంగి. బిగుసుకుపోయిన తలుపు ఏ మూల పట్టిందో వేలితో తడిమి చెప్పగలడు. ఈ తలుపు ఎక్కడ పట్టిందో తెలిసి కూడా చిత్రిక పట్టలేకపోయాడు. చెబితే చిన్నవాడు తనను కూడా 'మీరు' అంటాడేమోనని భయం.

ఆ రాత్రి టీ గ్లాసు కడిగి బోర్లిస్తూ, రేపు చెప్పేస్తాను అనుకున్నాడు. అనుకోవడం కొత్త కాదు గనక తనకే నమ్మకం కుదరలేదు.

మర్నాడు తోటలో గాలి చల్లగా, ఎండ పల్చగా ఉంది. ఎర్రబడిన ఆకులు కాళ్ళ కింద అప్పడాల్లా విరుగుతున్నాయి. పెద్దమ్మాయి పిల్లలందరికీ తలా ఒక బుట్ట ఇచ్చి, దెబ్బ తగిలిన పండు బుట్టలో కనిపిస్తే మార్కులు తీసేస్తానంది. అల్లుడు మడత కుర్చీ విప్పలేక అవస్థ పడుతూ, "మామయ్యగారూ, దీన్ని చేసింది మీరు కాదు కదా" అన్నాడు. "నేను చేస్తే మడత పడదు" అన్నాడు పెద్దాయన. మోకాళ్ళు ఆవేళ నొప్పి పెట్టలేదు. అదే పదివేలు అనుకుంటూ నిప్పు దగ్గర కూర్చుని దుంపలను బూడిదలోకి తోశాడు. ఆ పని ఆవిడది. దుంప ఎప్పుడు తిప్పాలో వాసనను బట్టి చెప్పేది. ఆయనకు వాసన చాలక, పుల్లతో పొడిచి చూస్తున్నాడు.

చివరి వరసలో ఒక ముసలి యాపిల్ చెట్టు ఉంది. దాని చిటారున ఒకే ఒక్క పండు, నెత్తురు రంగులో మిగిలింది. పెద్దకొడుకు ఆఖరి కూతురికి ఆరేళ్ళు, అందరూ పిచ్చుక అంటారు. ఆ పండు కావాలని అది పట్టు పట్టింది. పట్టు పట్టింది బాబాయి దగ్గర.

పెద్దకొడుకు నాలుగడుగుల దూరంలో నిచ్చెన పట్టుకుని ఉన్నాడు. ఆ నిచ్చెన అతను చేసిందే. తండ్రి వడ్రంగి కొట్టు ఇప్పుడు నడిపేది అతనే. చిన్నకొడుకు అటు చూడకుండా అన్నాడు:

"పిచ్చుకా, మీ నాన్నగారిని నిచ్చెన కాస్త ఇస్తారేమో అడుగు."

"నాన్నా, బాబాయ్ నిచ్చెన అడుగుతున్నాడు."

"వారికి కావాలంటే వచ్చి తీసుకోమను. మేమేం కాదనలేదు."

పిచ్చుక తండ్రి వంకా బాబాయి వంకా చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "మీరిద్దరూ ఒకళ్ళకొకళ్ళు టీచర్లా?"

పెద్దకోడలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నకొడుకు చెవులు ఎర్రబడ్డాయి. నిచ్చెన అక్కర్లేదని చెప్పి, చెప్పులు విడిచి మొదలు పట్టుకుని ఎక్కేశాడు. రాత్రంతా పిండి పిసికే చేతులు, పట్టు గట్టిదే. చూస్తుండగానే ఇద్దరు మనుషుల ఎత్తు పోయాడు. పండు ఇంకా మూరెడు దూరంలో ఉంది. ఎడమ పక్కన లావుపాటి కొమ్మ ఒకటి చాచి ఉంటే దాని మీదకు కాలు జాపాడు.

"ఒరేయ్ బుడ్డోడా! ఆ కొమ్మ పుచ్చిందిరా, కాలు పెట్టకు!"

అన్న కేక తోట మొత్తం వినిపించింది. ముప్పై నాలుగేళ్ళ బుడ్డోడి కాలు గాల్లోనే ఆగిపోయింది. చిన్నప్పుడు గోడల మీదా గోతుల దగ్గరా ఆగినట్టే, ఎందుకని అడక్కుండా ఆగింది. కాలు వెనక్కి తీసుకుని, చేత్తో కొమ్మను కిందికి నొక్కి చూశాడు. అది ఫెళ్ళున విరిగి, సగం దాకా గుల్లగా ఉన్న కడుపు చూపిస్తూ నేల మీద పడింది. పిచ్చుక ఎప్పుడు పరుగెత్తిందో తల్లి నడుం పట్టేసుకుంది. పెద్దకొడుకు అప్పటికే నిచ్చెన మొదలుకు ఆనించి, ఒక కాలు దాని మీద వేసి చేతులు చాచి నిలబడ్డాడు.

"చూసుకుని దిగు..." అన్నాడు. అంతలో గుర్తొచ్చింది. "దిగండి" అని కలిపాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వు వచ్చి గొంతులో నిలబడ్డ ముఖాలే అన్నీ. చిన్నకొడుకు నిచ్చెన మీదుగా దిగి, అన్న చెయ్యి పట్టుకోకుండానే నేల మీద కాలు పెట్టాడు. ఇద్దరూ ఆ విరిగిన కొమ్మను చూస్తూ నిలబడ్డారు. ఇంకో క్షణం పోతే మళ్ళీ మర్యాద కమ్ముకుంటుందని పెద్దాయనకు అర్థమైంది.

"ఇద్దరూ ఇలా రండి. దుంపలు మాడిపోతున్నాయి" అన్నాడు.

దుంపలు మాడడం లేదు. ఇద్దరూ వచ్చి నిప్పుకు చెరో పక్క కూర్చున్నారు. పెద్దమ్మాయి ఒక్క చూపు చూసి, పిల్లల్ని సెలయేటి వైపు తోలుకుపోయింది. పెద్దాయన ఒక దుంపను బయటికి లాగి, ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ ఊదుతూ మొదలుపెట్టాడు.

"ఆ రాత్రి నిన్ను పొద్దున రమ్మని చెప్పమన్నది నేనురా."

పెద్దకొడుకు ఉలిక్కిపడ్డాడు. "ఇప్పుడెందుకు నాన్నా అవన్నీ. దుంప తిను."

"నువ్వాగు. ఏడాదిన్నర ఆగినవాడివి, ఇంకో ఐదు నిమిషాలు ఆగు." చిన్నకొడుకు వైపు తిరిగాడు. "డాక్టరు పర్లేదన్నాడు. మీ అమ్మ లేచి కూర్చుని మాట్లాడుతోంది. వాణ్ణి ఇప్పుడే రమ్మంటే కంగారులో పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకుంటాడు, ఈ వానలో బండేసుకుని బయలుదేరతాడు, పొద్దున రమ్మనండి అంది. నాకూ సరేననిపించింది. అన్నయ్యకి చెప్పాను. ఫోన్ చేసింది వాడు, మాట నాది. ఇలా అవుతుందని మా ఎవరికీ తెలీదురా. తెలిస్తే నేనే వచ్చి ఎత్తుకొచ్చేవాణ్ణి."

చిన్నకొడుకు పుల్ల తీసుకుని నిప్పులు ఎగదోశాడు. పెద్దాయన చేతిలో దుంప చల్లారిపోతోంది. 'మీరు' అని వినపడుతుందేమోనని ఆయన చెవులు రిక్కించుకుని ఉన్నాడు.

"మరి బన్ను?" అన్నాడు చిన్నకొడుకు.

"ఏ బన్ను?"

"అమ్మ పాలబన్ను తెమ్మందని చెప్పాడు. నిజంగా అందా? నన్ను ఊరుకోబెట్టడానికి కల్పించాడా?"

చెప్పారు అనలేదు, చెప్పాడు అన్నాడు. పెద్దాయన అది విన్నాడు. పెద్దకొడుకూ విన్నాడు.

"అంది. ఆస్పత్రిలో ఇచ్చిన రొట్టె కొరికి, ఇది మీ కొట్లోంచి తెచ్చారా, చెక్కలా ఉంది అంది నాతో. చిన్నాడి బన్నైతే పాలలో ముంచితే చాలు, కరిగిపోతుంది, రెండు తెమ్మనండి, ఒకటి మీకు అంది."

"నేను నాలుగు తెచ్చాను." అన్నాడు చిన్నకొడుకు. "ఆ పొట్లం ఎక్కడ పెట్టానో, ఏమైందో, ఇప్పటికీ గుర్తు రాదు నాన్నా."

"కిటికీలో పెట్టావు. మర్నాడు సాయంత్రం ఒకటి నేను తిన్నాను. ఎవరూ చూడకుండా, పాలలో ముంచుకుని. నాకని చెప్పింది కదా." పెద్దాయన దుంప తొక్క గోటితో గీకాడు. "మార్చి ఇరవై. ఒక రోజు నిలవున్నా మెత్తగానే ఉంది."

పొగ ఆ పక్కకు మళ్ళింది. చిన్నకొడుకు కళ్ళు తుడుచుకోవడానికి అది సాకయింది. తుడుచుకుని అన్న వైపు తిరిగాడు.

"నువ్వెందుకు చెప్పలేదు?"

పెద్దకొడుకు ఒక పుల్ల విరిచి నిప్పులో వేశాడు. "ఏం చెప్పను? అమ్మ పోయి నువ్వు ఏడుస్తున్నావు. నా మీద ఎలాగూ కోపం వచ్చింది. మళ్ళీ నాన్న మీద కూడా ఎందుకని. అయినా అడిగావా నువ్వు? 'మీరు' అంటూ మొదలెట్టావు."

"నువ్వూ అన్నావుగా."

"నువ్వు అన్నాక అన్నాను."

"పెద్దవాడివి, నువ్వు మానొచ్చుగా."

"మానానుగా ఇందాక. ఊరంతా వినపడేలా మానాను."

చిన్నకొడుకు నవ్వబోయి, ఆగి, తండ్రిని చూశాడు. "నీ మీద కోపం రావాలి నాన్నా. ఇప్పుడు రావట్లేదు. రేపెప్పుడైనా వస్తుందేమో."

"రానీరా. నేనెక్కడికి పోతాను? ఇంట్లోనే ఉంటాను, వచ్చి తిట్టిపో."

ఆయన భుజాల మీంచి ఎవరో దూలం దించినట్టయింది. అప్పుడు తెలిసింది ఆకలేస్తోందని. ఆ చల్లారిన దుంప తిన్నాడు. ఒక పక్క ఉడకలేదు. అలాంటి దుంప జన్మలో తినలేదని తర్వాత అందరితో చెప్పాడు. ఎర్ర పండు మాత్రం పిచ్చుకకు దక్కింది. బాబాయి నిచ్చెన ఎక్కి కోశాడు, తండ్రి కింద పట్టుకున్నాడు. కోసినంతసేపూ ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు. కాలు ఇటు పెట్టరా అని ఒకడు, నాకు తెలుసులే అని ఇంకొకడు. వింటూ నిలబడ్డ చిన్నకోడలు మామగారి దగ్గరికి వచ్చి, ఒక బన్ను చేతిలో పెట్టి, "వచ్చే ఏడు తేదీ ముందుగా చెప్పండి మామయ్యా, ఆయన సెలవు పెట్టుకోవాలి" అంది.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. తొమ్మిదింటికి పిల్లలు ఎక్కడివాళ్ళు అక్కడ పడిపోయారు. పెద్ద గదిలో ఆడవాళ్ళూ పిల్లలూ, ముందు గదిలో సోఫా మీద అల్లుడు. ముందురాత్రి హాల్లో చాప మీద పడుకున్న చిన్నకొడుకు ఈ రాత్రి దిండు చంకన పెట్టుకుని, ఒకప్పుడు తామిద్దరూ పడుకున్న వెనక గదిలోకి, అన్న దగ్గరికి వెళ్ళాడు.

పెద్దాయన వంటింట్లో నీళ్ళు తాగి అటుగా వచ్చాడు. వెనక గది తలుపు బార్లా తెరిచి ఉంది. దీపం ఆర్పేశారు. చీకట్లోంచి మంచం కిర్రుమంది.

"ఒరేయ్, కాస్త జరుగు."

"ఇంకెక్కడికి జరగను, గోడలోకా? మంచం చిన్నగా చేసింది ఎవరు?"

"నాన్న."

"అయితే ఆయన్ని అడుగు."

ఇద్దరూ కిసుక్కున నవ్వారు. ఆ తలుపు పై మడతబందు ఎప్పుడో వదులైంది. ఊరికే నెడితే కింద నేలను గీరి చప్పుడు చేస్తుంది. బిగించాలని ఏళ్ళుగా అనుకుంటున్న సంగతి. పెద్దాయన రెండు చేతులతో పిడి పట్టుకుని, తలుపును వేలెడు పైకి ఎత్తి, ఊపిరి బిగబట్టి, మెల్లగా దగ్గరికి వేశాడు.