మూడు రోజుల గది

"ఈసారి రెండ్రోజులు ముందే వచ్చిందేంటే హైమా?" అంది సుబ్బరత్నం, కోస్తున్న బెండకాయల్ని సగంలో వదిలేసి వంటింటి గడప దాటుతున్న కోడలితో.

"ఏమో అత్తయ్యా, ఈ వయసులో ఇంతేనేమో" అని తలొంచుకుని హైమావతి బాల్కనీ పక్కనున్న చిన్నగదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. అప్పుడు గానీ ఊపిరి పీల్చుకోలేదు. చెప్పింది పచ్చి అబద్ధం. నలభై ఏడేళ్ల హైమావతికి నెలసరి ఆగిపోయి పది నెలలైంది. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు.

వాళ్లు కంకిపాడు వదిలి విజయవాడ వచ్చి పాతికేళ్లు. అపార్ట్‌మెంటు వచ్చింది, లిఫ్టు వచ్చింది, వాషింగ్ మెషిన్ వచ్చింది. సుబ్బరత్నం మూడు రోజుల పద్ధతి మాత్రం సామాన్లతోపాటే లారీలో వచ్చి దిగింది. ఒక చాప, ఒక కంచం, ఒక చెంబు. ఆ మూడు రోజులూ హైమావతి దేన్నీ తాకకూడదు కాబట్టి ఆమెతో ఎవరికీ పనిలేదు. కూరలు కర్రీ పాయింట్ నుంచి వస్తాయి, అన్నం అత్తగారు వండుతుంది. పెళ్లయిన కొత్తలో ఇలా మూల కూర్చున్నప్పుడల్లా కుళ్లికుళ్లి ఏడ్చేది. ఇప్పుడేమో ఈ మూల కోసం నెలంతా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది. సిగ్గుపడాల్సింది తనో, ఈ ఇల్లో ఆమెకు తెలియలేదు.

దూరవిద్యలో డిగ్రీ కట్టింది. మిగతా పేపర్లన్నీ గట్టెక్కాయి, స్టాటిస్టిక్స్ ఒక్కటే మిగిలింది. మామూలు రోజుల్లో పుస్తకం తెరిస్తే చాలు, "హైమా, నా కళ్లజోడేదీ", "హైమా, కుక్కర్ ఎన్ని కూతలేసింది" అని ఎవరో ఒకరు పిలుస్తారు. "నువ్వు సగటు కనుక్కోకపోతే దేశమేం ఆగిపోదులే గానీ, టీ పెట్టు" అన్నాడొకసారి భర్త కిరీటి, చుట్టాలందరి ముందూ. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. అది గుర్తొచ్చినప్పుడల్లా భర్త మీదకంటే తనమీదే ఎక్కువ కోపం వస్తుంది. ఆగిపోయిన మొదటి నెలలో "ఇంకా బయట చేరలేదేంటే?" అని అత్తగారే అడిగింది. "ఇవాళే అత్తయ్యా" అని నోరు జారింది. ఆ మూడు రోజుల్లో రెండు పాఠాలు పూర్తయ్యాయి.

తర్వాత మూణ్ణెల్లు ఠంచనుగా ఇరవై ఎనిమిదో రోజునే చెప్పింది. ప్రామాణిక విచలనం పాఠం చదివాక ఒళ్లు ఝల్లుమంది. నిజమైన సంఖ్యలు సగటుకి అటూ ఇటూ చెదిరి ఉంటాయట. తనవి అంగుళం కదలడం లేదు! అప్పట్నుంచి ఒక నెల ఇరవై ఆరు రోజులు, ఇంకో నెల ముప్ఫై ఒకటి. ఆ పాఠాన్ని తనంత బాగా వాడుకున్న విద్యార్థి ఇంకొకరుండరని పుస్తకంలో మొహం దాచుకుని నవ్వుకుంది. చెప్పుకుని నవ్వడానికి పక్కన ఒక్క మనిషి ఉంటే ఎంత బాగుండునో అనిపించి, మరుక్షణమే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉన్నట్టుండి ఒళ్లంతా సెగలు పుట్టి చెమటలు పడుతున్నాయని, అకారణంగా ఏడుపొస్తోందని ఎవరితో చెప్పాలి? హాస్టల్లో ఉన్న కూతురు కీర్తనకి చెబుదామని రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ వాళ్ల నాన్న షుగర్ గురించి మాట్లాడి పెట్టేసింది.

పరీక్ష తేదీ ఆ మధ్యాహ్నమే ఫోన్లోకి వచ్చింది. వచ్చే నెల రెండో ఆదివారం. గుండె జారిపోయింది. ఆ రోజే మామగారు రత్తయ్యగారి మొదటి సంవత్సరీకం. కాసేపటికి తనే తేరుకుంది. ఆ ఆదివారానికి సరిపోయేలా బయట చేరితే సరి. వంటింటి ఛాయలకి కూడా ఎవరూ రానివ్వరు, నిమ్మళంగా వెళ్లి రాసిరావచ్చు.

సాయంత్రం కిరీటి గడప అవతలే నిలబడి ఒక మాత్రల అట్టని చాప మీదికి విసిరాడు.

"అమ్మ లెక్కేసింది. నీకు సరిగ్గా సంవత్సరీకం రోజుల్లోనే వచ్చేలా ఉందంట. అరవై మంది భోజనాలు, నువ్వు మూల కూర్చుంటే ఎట్లా? ముందుగా ఇవి వేసుకుంటే వాయిదా పడుద్దని మెడికల్ షాపతను చెప్పాడు."

"ఆ రోజు నాకు పరీక్షండీ."

"పరీక్ష మళ్లీ పెడతారు. నాన్న మొదటి సంవత్సరీకం మళ్లీ రాదుగా" అని అతను వెళ్లి టీవీ ముందు కూర్చున్నాడు.

నా ఒంటి గురించి మెడికల్ షాపులో అడిగాడు, నన్నడగలేదు, అనుకుంది హైమావతి. వేసుకున్నా పనిచేయలేదని చెప్పొచ్చు. ఆ అబద్ధం నాలుక చివరే ఉంది, సుళువైనది కూడా. కానీ పరీక్షకి మైలపడ్డ మనిషిగా, అందరూ పక్కకి తప్పుకుంటుంటే వెళ్లడానికి ఆమెకు మనసొప్పలేదు. లేచి నడిచింది. హాల్లో సోఫాలో అత్తగారి పక్కనే కూర్చుంది.

"అయ్యో అయ్యో, ముట్టుకోకు!" సుబ్బరత్నం చీర కుచ్చిళ్లు లాక్కుంది.

"ఏం మైల పడదత్తయ్యా. నాకు ఆగిపోయి పది నెలలైంది."

కిరీటి టీవీ శబ్దం తగ్గించాడు. "మరి నెలనెలా ఆ గదిలో ఏం చేస్తున్నావు?"

"చదువుకుంటున్నానండీ. ఆ ఆదివారం పరీక్ష రాస్తాను. వంటవాళ్లని ఇప్పుడే మాట్లాడుకోండి."

సుబ్బరత్నం కోడలి మొహంలోకి వింతగా చూసింది.

"పది నెలలా? నాతోనైనా ఒక్కమాట చెప్పకూడదటే?"

"చెబితే ఆ మూడు రోజులు కూడా పోయేవత్తయ్యా" అంది హైమావతి.